పంతొమ్మిది మందుల చీటీ, నల్లా నీళ్లు

పదవీ విరమణ రోజు మా ఆఫీసులో చిన్న సభ పెట్టారు. శాలువా కప్పారు, దండ వేశారు. పై అధికారి మైకు పట్టుకుని "కరుణమ్మ గారు వినయానికి మారుపేరు" అన్నాడు. వెనక వరుసలో కూర్చున్న అటెండర్ యాదయ్యకు దగ్గొచ్చింది. అది దగ్గు కాదని, నవ్వు ఆపుకోలేక పడుతున్న తిప్పలని నాకు తెలుసు. ఆ అధికారి నాతో ఏడాది కూడా పనిచేయలేదు, పాపం. ఎవరో రాసిచ్చింది చదివాడు.

నేను వినయంగా పనిచేయలేదు. చేసి ఉంటే ఇప్పుడు రాయడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. పశువుల దవాఖానల్లో కొత్తగా చేరుతున్న మీ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, సర్వీసు రిజిస్టర్లు, టీఏ బిల్లుల సంగతి మీ సీనియర్లు ఎలాగూ చెప్తారు. వాళ్లు చెప్పనివి నేను చెప్తాను. అందులో ఎక్కువ భాగం కోళ్ల గురించే ఉంటుంది, ఎందుకంటే ఈ ఉద్యోగంలో నాకు బుద్ధి చెప్పింది కోళ్లే.

గూడు చూస్తేనే

ముప్పై ఏళ్లకు పైగా మక్తల్, నారాయణపేట మధ్య ఊళ్లలో తిరిగాను. ఆఖరి కొన్నేళ్లు షాద్‌నగర్ వైపు. నేను డాక్టర్ని కాను, వెటర్నరీ అసిస్టెంట్‌ని. బర్రెకు సూది వేయడం, గొర్రెకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించడం, కోడిపిల్ల కంట్లో టీకా చుక్క వేయడం మా పని. డాక్టరు కుర్చీలో ఉంటే మేము ఎండలో ఉంటాం. ఊళ్లో మాత్రం అందరూ డాక్టరమ్మ అనే పిలుస్తారు, వద్దన్నా వినరు.

మా అమ్మ, నాయిన కూలికి పోయినవాళ్లు. మాకు భూమి లేదు. చర్చి వెనక రెండు గదుల ఇల్లు, ఇంటి వెనక నాలుగు కోళ్లు. ఉద్యోగం వచ్చాక కూడా కొన్ని ఇళ్లలో నన్ను వాకిట్లోనే ఆపేవాళ్లు. కోడిని బయటికి తెచ్చి నా చేతిలో పెట్టేవాళ్లు. కోడిని ముట్టుకోవచ్చు, గడప మాత్రం తొక్కకూడదు. మొదట్లో ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. తర్వాత ఏడుపు మానేసి, "గూడు చూడందే మందు వేయను" అని చెప్పడం నేర్చుకున్నాను.

అది పొగరుతో అన్న మాటే, ఒప్పుకుంటాను. కానీ అది నిజం కూడా. గూడు చూడకుండా కోడి జబ్బు తెలియదు. కింద తడి ఉందా, గాలి ఆడుతుందా, నీళ్ల గిన్నెలో రెట్ట పడుతుందా, ఇవన్నీ చూడాలి. మందు కావాలంటే గూటి దాకా రానివ్వాల్సిందే అన్నాను, రానిచ్చారు. కోళ్లు చచ్చిపోతుంటే ఆచారం ఎంతసేపు నిలబడుతుందో నేను చాలా ఇళ్లలో చూశాను.

చీటీ

తెలంగాణ వచ్చిన తర్వాత, ఊళ్లలో ఇంటింటికీ నల్లా బిగిస్తున్న రోజుల్లో, పేద ఆడవాళ్లకు పెరటి కోళ్లు పంచే పథకం ఒకటి మా మండలానికి వచ్చింది. ఒక్కొక్కరికి నలభై పిల్లలు. నెల వయసు వచ్చాక, మొదటి టీకా వేసి ఇస్తారు. మిగతా టీకాలు వేయించడం, వాటిని బతికించడం మా బాధ్యత. తీసుకున్నవాళ్లలో సగం మంది అంతకుముందు ఒక్క కోడిని కూడా సాకలేదు.

అప్పటి మా డాక్టర్ సారు చెడ్డవాడు కాదు. బాగా చదివినవాడు. కానీ ఆయన చదువంతా వేల కోళ్లను ఇనుప గూళ్లలో పెంచే ఫారాల గురించి. ఆ చదువును తెచ్చి నలభై పిల్లలున్న పెరట్లో పెట్టాడు. కొత్తగా కోళ్లు సాకేవాళ్ల దగ్గర తప్పనిసరిగా ఉండాల్సినవని ఒక చీటీ అచ్చు వేయించాడు. అందులో పంతొమ్మిది పేర్లు. విటమిన్ చుక్కలు, కాల్షియం, లివర్ టానిక్, అరుగుదల పొడి, ఎండదెబ్బ పొడి, గుడ్లు పెరిగే మందు, బరువు పెరిగే మందు, ముందు జాగ్రత్తగా వాడే యాంటీబయాటిక్ రెండు రకాలు, ఇంకా ఏవేవో. చీటీ అడుగున మందుల దుకాణం పేరు కూడా ఉంది. అచ్చు ఖర్చు పెట్టుకుంది ఆ దుకాణం వాళ్లే.

"సార్, వీటిల్ల పదిహేను అక్కెర లేదు" అన్నాను.

"నీకు ఫార్మకాలజీ తెలుసా కరుణమ్మా?" అన్నాడు.

"తెల్వదు సార్. కోళ్లు తెలుసు."

ఆయనకు కోపం రాలేదు, నవ్వాడు. ఆ నవ్వే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. అయినా చీటీలు పంచాను. ఆ రోజు కడుపులో ఉన్న మాట గట్టిగా చెప్పకుండా చీటీలు పంచడం నా మొదటి తప్పు. రెండోది దీనికంటే పెద్దది, దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

రహమత్‌బీ

నారాయణపేటకు దగ్గర్లో ఒక చేనేత ఊరు. అక్కడ రహమత్‌బీ అని ఒకామె, నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. భర్త ఖాజామియా చీరలు నేసేవాడు. నడుము పట్టేసి మగ్గం గుంటలోకి దిగలేని స్థితికి వచ్చాడు. మగ్గం ఆగిపోయింది. రహమత్‌బీ పక్కవాళ్ల మగ్గాలకు కండెలు చుట్టి ఇల్లు నడుపుతోంది. బొటనవేలు కాయకాచి, పగిలి, అందులో దారం దిగి కోసేది. అటువంటి సమయంలో పథకంలో ఆమె పేరు వచ్చింది. ఆ నలభై పిల్లలు పెరిగి గుడ్లు పెడితే కండెలు మానేయొచ్చని ఆమె ఆశ. గుడ్లు పెట్టకపోతే మళ్లీ ఆ వేలితోనే దారం చుట్టాలి.

ఆమె అంతకుముందు కోళ్లను సాకలేదు. అందుకని చెప్పినదల్లా చేసింది. చీటీలోని పంతొమ్మిదీ తెచ్చింది. ఆగిన మగ్గం ఉన్న గదిలో, గోడ గూట్లో వాటిని వరుసగా పేర్చింది. ఏది పొద్దున, ఏది సాయంత్రం అని ఖాజామియా ఉర్దూలో రాసి సీసాలకు అంటించాడు. నేను వెళ్లినప్పుడల్లా "మేడం, గీ సీసా ఎన్ని దినాలు?" అని అడిగేది. నేను చీటీ చూసి చెప్పేదాన్ని.

రహమత్‌బీ ఉండే వాడలోనే రాములమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. ఆమెకూ నలభై పిల్లలు వచ్చాయి. పుట్టినప్పటి నుంచి కోళ్ల మధ్యే పెరిగిన మనిషి. చీటీ ఇస్తే దానితోనే చుట్ట వెలిగించుకుంది.

బ్లీచింగ్ వాసన

కోళ్లకు కొక్కెర తెగులు అని ఒకటుంది. వస్తే ఊరు ఊరంతా ఊడ్చుకుపోతుంది. ఆకుపచ్చగా పారతాయి, ఎగశ్వాస, మెడ మెలితిరిగి తల వెనక్కి పోతుంది. వచ్చాక మందు లేదు. రాకుండా టీకా ఒక్కటే దిక్కు. పిల్లలు మన దగ్గరకు వచ్చిన వారంలో ఆ టీకా రెండో మోతాదు నీళ్లలో కలిపి తాగించాలి. టీకాను దవాఖాన ఫ్రిజ్‌లో నుంచి తీసి, థర్మాస్‌లో ఐసు వేసి తీసుకుపోవాలి. ఐసు మక్తల్ సోడా దుకాణంలో తీసుకునేదాన్ని. ఇవన్నీ నేను ఎన్నడూ తప్పలేదు.

ముందు రోజు వాడకు వెళ్లి చెప్పాను. "రేపు పొద్దున పిల్లలకు నీళ్లు పెట్టకుండ్రి, జర దూప కానియ్యుండ్రి. నేను వచ్చి మందు కలుపుత. బోరు నీళ్లు వద్దు, బాయి నీళ్లు వద్దు. నల్లా నీళ్లు పట్టి పెట్టుండ్రి."

నల్లా నీళ్లు అని ఎందుకన్నానంటే, ఆ రోజుల్లో మా అందరికీ ఆ నీళ్ల మీద ప్రేమ ఉండేది. ఫ్లోరైడ్ ఉన్న ఉప్పటి బోరు నీళ్లు తాగి తాగి మా ప్రాంతంలో ఎన్ని పళ్లు గారపట్టాయో, ఎంతమందికి కీళ్లు పట్టుకుపోయాయో చూసినవాళ్లం. ఇంటి ముందు నల్లా తిప్పితే నీళ్లు రావడం చిన్న సంగతి కాదు. ప్రతి మీటింగులో నల్లా నీళ్లే తాగమని మాతో చెప్పించేవాళ్లు. నేను గర్వంగా చెప్పేదాన్ని. కోళ్లకూ అవే మంచివి అనుకున్నాను.

ఆ వారం వానలు పడ్డాయి. నీళ్లు మురికిగా వస్తున్నాయని ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ ఎక్కువ వేశారు. పొద్దున రహమత్‌బీ ఇంట్లో బకెట్ మూత తీయగానే నాకు వాసన తెలిసింది. నీళ్లు శుభ్రంగా ఉన్నాయనుకుని సంతోషపడి, టీకా కలిపేశాను.

ఆ టీకాలో ఉండేది బతికున్న సూక్ష్మజీవి. బలం తీసి పెడతారు, కానీ అది బతికుండి కోడి ఒంట్లోకి పోతేనే కోడికి రక్షణ. బ్లీచింగ్ దాన్ని బకెట్లోనే చంపేస్తుంది. మనుషుల కలరా క్రిములను చంపే మందు మన టీకాను మాత్రం ఎందుకు వదులుతుంది? శిక్షణలో ఈ మాట నాకు చెప్పారు. ఒక్క వాక్యం. నేను రాసుకున్నాను, మర్చిపోయాను. అంతకుముందు ఊళ్లలో బావి, బోరు నీళ్లే ఉండేవి కాబట్టి ఆ వాక్యంతో నాకు ఎప్పుడూ పని పడలేదు.

మూడు వారాలకు తెగులు వచ్చింది. వాడలో ముప్పావు వంతు పిల్లలు నాలుగు రోజుల్లో పోయాయి. రహమత్‌బీకి ఐదు మిగిలాయి, అందులో రెండింటికి మెడ తిన్నగా నిలవలేదు. చచ్చినవాటిని ఆమె కండెలు పెట్టుకునే గంపలో వేసుకుని ఊరి బయటికి మోసింది. దారిలో ఎవరో "ఆమె చెయ్యి మంచిది కాదు, మగ్గం గట్లనే పాయె, కోళ్లు గట్లనే పాయె" అన్నారట. ఆ మాట ఆమెకు వినబడింది.

రాములమ్మ వినలేదు

కారణం వెతుకుతూ ఇల్లిల్లూ తిరిగాను. టీకా చెడిపోయిందా అనుకుంటే, అదే పెట్టెలోని సీసాలు వాడిన పక్క తండాలో ఒక్క పిల్ల చావలేదు. ఐసు కరిగిందా అంటే కరగలేదు. రాములమ్మ ఇంటికి వెళ్తే నలభైలో ముప్పై ఎనిమిది పెరట్లో గింజలు ఏరుకుంటున్నాయి. మిగతా రెండు గద్ద ఎత్తుకుపోయినవి. ఆమె దగ్గర పంతొమ్మిది సీసాల్లో ఒక్కటి కూడా లేదు.

"అవ్వా, ఆనాడు నేను మందు సీసా నీ చేతికిచ్చి పక్కింటికి పోయిన. ఏ నీళ్లల్ల కలిపినవ్?"

"నువ్వు నల్లా నీళ్లు అన్నవ్. గా నీళ్లు నేనే తాగ, ముక్కు పగిలేటట్టు వాసన. నోరులేని జీవాలకెట్ల పోస్త? బాయి నీళ్లు చేదుకొచ్చి కలిపిన. నువ్వు తిడతవని చెప్పలె."

నేను అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. పక్క తండాకు ఇంకా నల్లా లైన్ పోలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నా మాట విన్నవాళ్ల కోళ్లే చచ్చిపోయాయి, వినని ముసలమ్మ కోళ్లు బతికాయి. రాములమ్మ నా మొహం చూసి భయపడి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

అక్కడి నుంచి లేచి నేరుగా రహమత్‌బీ ఇంటికి పోయాను. ఆలస్యం చేస్తే నాకు ధైర్యం చాలదని తెలుసు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె కండె చుట్టడం ఆపలేదు. రాట్నం ఒక చుట్టు తిప్పి దారం సరిచేసుకుంది.

"పంతొమ్మిది సీసాలు తెచ్చిన. దినాం లెక్కబెట్టి పోసిన. నువ్వు ఏం చెప్పితే గది చేసిన" అంది. "నా చెయ్యి మంచిది కాదంటున్నరు. నేను కూడ గట్లనే అనుకున్న. గిప్పుడొచ్చి నీ తప్పంటవా? గా మాట వాడల ఎవరు చెప్తరు?"

"నేను చెప్త అక్కా."

"చెప్పినప్పుడు చూస్త" అని రాట్నం తిప్పింది.

రాసిందే రాశాను

చచ్చిన కోళ్ల మీద రిపోర్టు రాయాలి. అందులో "కారణం" అని ఒక గడి ఉంటుంది. డాక్టర్ సారు నన్ను పిలిచి, "లబ్ధిదారుల అజాగ్రత్త, సూచించిన పోషకాలు సరిగా ఇవ్వకపోవడం అని రాయి" అన్నాడు. అలా రాస్తే ఆ పేర్లకు రెండో విడత పిల్లలు రావు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను రాసింది ఇది. "టీకా కలిపిన నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ ఉంది. దానివల్ల టీకా పనిచేయలేదు. నల్లా నీళ్లు వాడమన్నది నేను. పెంచినవారి తప్పు లేదు." కింద సంతకం పెట్టాను.

ఆయన చదివి కళ్లద్దాలు తీశాడు. "పిచ్చి పట్టిందా? నీకు మెమో వస్తది. రేపు ఏ కోడి చచ్చినా నీ మీదనే తోస్తరు. ఎవరో కండెలు చుట్టేటామె కోసం నీ సర్వీసు పాడు చేసుకుంటవా?"

"సార్, ఆమె చీటీల ఉన్నవన్ని పోసింది. పోయలేదని నేనెట్ల రాయాలె?"

"ఇంకోటి రాసుకొని రా."

"రాసిందే రాసిన సార్. కావాలంటే మీరు వేరే రాసుకోండ్రి, మీ సంతకంతోని."

ఆయన రాసుకున్నాడు. నా కాగితం ఎక్కడికి పోయిందో తెలియదు. మీరు మాత్రం ఇలాంటి కాగితానికి ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. నేను ఉంచుకోలేదు, ఆ కోపంలో తోచలేదు.

రెండో విడత పేర్లు చదివే రోజు పంచాయతీ ఆఫీసు ముందు మీటింగు పెట్టారు. జిల్లా నుంచి పెద్ద సారు వచ్చాడు. మా డాక్టర్ సారు జాబితా చదివాడు. వాడలో రాములమ్మ పేరు ఒక్కటే ఉంది. ఎందుకని ఎవరో అడిగితే, మిగతావాళ్లు సరిగా సాకలేదని చెప్పాడు. రహమత్‌బీ వెనక నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపే చూస్తోంది.

లేచి నిలబడి, అందరికీ వినబడేలా చెప్పాను. "కోళ్లు చచ్చింది నా తప్పుకు. బ్లీచింగ్ నీళ్లల్ల టీకా కలిపింది నేనే, గా నీళ్లే పట్టమని చెప్పింది నేనే. రహమత్‌బీ చేతిల ఏ లోపం లేదు, చీటీల మందులల్ల కూడ ఆమె ఏదీ తక్కువ చేయలె. గా చీటీల ఉన్నవి పంతొమ్మిది పోసినా, పొయ్యకున్నా కొక్కెర తెగులు ఆగదు. ఆపేది టీకా. దాన్ని చంపింది నేను."

పెద్ద సారు "కూర్చో అమ్మా" అన్నాడు. నేను కూర్చోలేదు. అంతలో రాములమ్మ చుట్ట ఆర్పేసి లేచింది. "రహమత్‌బీకి ఇయ్యకుంటే నాకు కూడ వద్దు. మీ పిల్లలను మీరే సాదుకోండ్రి" అంది. ఆమె వెనకే వాడ ఆడవాళ్లంతా లేచి గొడవ పెట్టుకున్నారు. పెద్ద సారుకు మక్తల్‌లో ఇంకో మీటింగు ఉంది. జాబితా తీసుకుని, కొట్టేసిన పేర్లన్నీ మళ్లీ రాయించి, జీపు ఎక్కాడు.

నాకు మెమో వచ్చింది. దాని వెనకే షాద్‌నగర్‌కు బదిలీ వచ్చింది. రెండింటికీ నేను సంతకం చేసి తీసుకున్నాను, బతిమాలలేదు.

గడప దగ్గర

బదిలీ మీద పోయే ముందు ఒక్క పని మిగిలింది. రెండో విడత పిల్లలు వచ్చాయి, వాటికి నీళ్ల టీకా తాగించాలి. థర్మాస్ పట్టుకుని వెళ్తే రహమత్‌బీ గడప దగ్గరే అడ్డం నిలబడింది.

"ఆగు. మందు నాకియ్యి. నీళ్లు నేను కలుపుత."

బావి నీళ్లు చేది తెచ్చి పెట్టుకుంది. దోసిట్లోకి తీసుకుని వాసన చూసింది. ఖాజామియాకూ చూపించింది. తర్వాత వెన్న తీసిన పాలపొడి, లీటరుకు ఒక చెంచా, వేసి కలిపింది. నీళ్లలో కాస్త బ్లీచింగ్ ఉన్నా పాలపొడి దాన్ని విరిచేస్తుందని చెప్పింది నేనే. అరగంట ఆగి, నీడలో కూర్చుని, టీకా కలిపి పిల్లల ముందు పెట్టింది. రెండు గంటల్లో గిన్నెలు ఖాళీ అయ్యాయి. నేను అంతసేపూ గడప మీద కూర్చుని ఉన్నాను. ఉద్యోగం కొత్తలో ఇళ్ల బయట ఆపితే వచ్చిన బాధ వేరు, ఇది వేరు. ఆమెకు నన్ను ఆపే హక్కుంది.

"కోపం పోయిందా అక్కా?" అని అడిగాను.

"పోలె" అంది.

అల్మారా నిండా

షాద్‌నగర్‌లో చేరిన కొద్ది రోజులకే ఒక ఫారం హౌసుకు పిలిచారు. హైదరాబాదులో పెద్ద ఉద్యోగం చేసే భార్యాభర్తలు. శని, ఆదివారాలు వచ్చిపోతారు. సరదాకు పాతిక కోడిపిల్లలు తెచ్చారు. వాటి మందులకు ప్రత్యేకంగా అద్దాల అల్మారా చేయించారు. మా పాత డాక్టర్ సారు చీటీలోని మందులన్నీ అందులో ఒక మూలకు సరిపోతాయి.

పిల్లలు మూలల్లో ముడుచుకుని, తెల్లగా పారుతూ ఒక్కొక్కటే పోతున్నాయి. ఏం పెడుతున్నారని అడిగితే ఆయన వరుసగా చెప్పాడు. అందులో కాల్షియం రోజుకు రెండు పూటలా ఉంది. ఎముకలు గట్టిపడాలని ఇస్తున్నాడు.

"గుడ్లు పెట్టే పెట్టకు సార్ కాల్షియం. పిల్లలకు గంత పోస్తే మూత్రపిండాలు పాడైతయి" అన్నాను.

"నెట్‌లో అందరూ ఇవ్వమనే రాశారండీ."

"కోళ్లు నెట్ చూడవు సార్."

ఆయన ముఖం మాడ్చుకున్నాడు. భార్య మాత్రం నోటుబుక్కు తీసుకుని, "అసలు ఏం ఉంచుకోవాలో చెప్పండి ఆంటీ" అని కూర్చుంది. ఆమెకు చెప్పిందే మీకూ చెప్తున్నాను. ఇది చీటీలా అచ్చు వేయించకండి, నోటితో చెప్పండి, గూడు చూశాక చెప్పండి.

అన్నిటికంటే ముందు టీకా. మొదటి వారంలో కంట్లో చుక్క, నెల దాటాక నీళ్లలో, రెండు నెలలకు రెక్క కింద సూది. ఈ మూడూ లేకుండా మిగతా ఏ సీసా కొన్నా దండగే. టీకా కోసం ఒక థర్మాస్, ఐసు. కడిగితే శుభ్రపడే రెండు నీళ్ల గిన్నెలు, రోజూ కడిగే ఓపిక. నట్టల మందు, వయసును బట్టి. పేలకు పొయ్యి బూడిద ఒక గుంటలో పోసి పెడితే కోళ్లే పొర్లుకుంటాయి. పిల్లల రెట్టలో రక్తం కనబడితే వాడే మందు ఒకటి దవాఖానలో అడిగి ఉంచుకోవచ్చు. ఎండలు ముదిరితే నీళ్లలో కాస్త బెల్లం, చిటికెడు ఉప్పు, పైన తడిపిన గోనెసంచి. జబ్బు చేసి లేచిన కోడికి నాలుగు రోజులు బీ కాంప్లెక్స్. పెట్టలు గుడ్లకు వచ్చాకే నత్తగుల్ల పొడి, లేదా గుడ్డు పెంకులు వేయించి నలిపి విడిగా పెట్టాలి, కావాల్సిన పెట్ట తనే తింటుంది. విటమిన్లకు మునగాకు, తోటకూర. జబ్బు కోడిని వేరుగా మూసిపెట్టడానికి ఒక పెద్ద గంప. యాంటీబయాటిక్ ఇంట్లో ఉంచుకోవద్దు, ఊరికే పోయొద్దు. కోళ్లను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఇది చెప్తే చాలామందికి కోపం వస్తుంది, అయినా చెప్పండి.

ఇంతే. ఇంతకు మించి ఎవరైనా అంటగడితే, వాళ్లు కోళ్లను చూసి ఇస్తున్నారా, కొనేవాళ్ల భయాన్ని చూసి ఇస్తున్నారా అని అడగండి. మీ డాక్టరు ముందు కూడా అడగండి. ఉద్యోగం పోదు. నాది పోలేదు, షాద్‌నగర్‌కు మాత్రమే పోయింది.

రెక్క కింద సూది

రహమత్‌బీ పిల్లలకు మూడో టీకా, రెక్క కింద సూది, వేయాల్సిన వారం వచ్చింది. నా స్థానంలో ఇంకా ఎవరినీ వేయలేదు, కుర్చీ ఖాళీగా ఉంది. ఖాళీ కుర్చీ వచ్చి టీకా వేయదు. ఒక రోజు లీవు పెట్టి, పొద్దున్నే షాద్‌నగర్‌లో బస్సెక్కి, పాత దవాఖానకు వెళ్లాను.

డాక్టర్ సారు నన్ను చూసి, "ఇది నీ ఏరియా కాదు కరుణమ్మా" అన్నాడు.

"లీవుల ఉన్న సార్. సుట్టపుచూపుగ వచ్చిన. టీకా మీరొచ్చి వేసినా సరే, నాకిచ్చినా సరే."

ఆయన కాసేపు టేబుల్ మీద కాగితాలు సర్దాడు. తర్వాత లేచి, ఫ్రిజ్ తెరిచి, టీకా సీసా, ఐసు తీసి నా థర్మాస్‌లో తనే పెట్టాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది, కానీ ఈ సంగతి రాయకపోతే అన్యాయం అవుతుంది.

రహమత్‌బీ పెరట్లో నలభై పిల్లల్లో ముప్పై తొమ్మిది ఉన్నాయి. బలంగా, మెరిసే ఈకలతో ఉన్నాయి. ఒక్కొక్కదాన్నే పట్టుకుని రెక్క ఎత్తి పెడుతుంటే నేను సూది వేస్తూ పోయాను. ఖాజామియా మగ్గం గదిలో గోడకు ఆనుకుని, అయినవాటిని లెక్కపెడుతున్నాడు. గోడ గూట్లో సీసాలు లేవు. రహమత్‌బీ బొటనవేలి పగుళ్లు మానాయి. నేను చూశానని గమనించి, "మొదటి విడతల మిగిలిన పెట్టలు గుడ్లకొచ్చినయి, పండుగ ముందల కండెలు సగం బంద్ చేసిన" అంది.

చివరి పుంజు దొరక్కుండా పెరడంతా తిప్పింది. ఇద్దరం ఆయాసపడుతూ దాన్ని మూలకు తోలి పట్టుకున్నాం. దాన్ని చంకలో అదిమిపెట్టుకుని ఆమె అకస్మాత్తుగా అంది.

"గంతమంది సార్ల ముందట నిలవడి తప్పు నాది అన్నవ్ చెల్లె. ముప్పై ఏండ్ల సంసారం నాది. మా ఆయన ఒక్కనాడు అనలె గా మాట."

గదిలో ఖాజామియా లెక్క ఆపేశాడు. రహమత్‌బీ ఆయన వైపు చూడకుండానే పుంజు రెక్క ఎత్తి పట్టింది. నేను సూది వేశాను.